మూడు సెకన్లు ఆగలేమా?

*అడిగిన వెంటనే జవాబు రాకపోతే తెలియదనే లెక్క వేస్తున్నాయి ఆఫీసులు. ఆలోచించుకునే వ్యవధి ఎవరు ఇవ్వాలి? ఎలా అడగాలి? కాడుగోడి నుంచి కథనం.*

రాత్రి తొమ్మిదిన్నర. కాడుగోడిలో ఓ పీజీ, మూడో అంతస్తు. గదిలో మూడు మంచాలు, ఒక్క కుర్చీ. అమెరికా కాల్ ఎవరికి ఉంటే ఆ పూట కుర్చీ వాళ్లది. ల్యాప్‌టాప్ కింద సూట్‌కేసు, పక్కన మూత తీయని క్యారియర్. కింది మెస్‌లో పెట్టిన పోపు ఘాటు మెట్లెక్కి పైదాకా వస్తోంది.

తెర మీద ఏడు ముఖాలు. "ఈ మార్పు ఎప్పటికి పూర్తవుతుంది?" అని అవతలి నుంచి మేనేజరు అడిగారు. కుర్చీలో ఉన్న అనంతపురం కుర్రాడికి ఆ పని అణువణువూ తెలుసు. టెస్ట్ డేటా రేపు చేతికొస్తే రెండు రోజులు, రాకపోతే ఐదు. చిక్కేమిటంటే, ఆ డేటా ఇవ్వాల్సిన టీము లీడూ ఇదే కాల్‌లో ఉన్నాడు. ఆయన్ను నొప్పించకుండా విషయం చెప్పాలి. తెలుగులో మాట కూర్చుకున్నాడు. దాన్ని ఇంగ్లీషులోకి మార్చుకుంటున్నాడు. రెండు సెకన్లు. మూడు.

"హలో, ఉన్నావా?" అన్నారొకరు. "నెట్ పోయినట్టుంది" అన్నారింకొకరు. ఇతను గొంతు సవరించుకునేలోపే లీడు అందుకున్నాడు: "శుక్రవారానికి ఇచ్చేస్తాం." అందరూ సరేనన్నారు. కాల్ ముగిసింది.

"ఏంది బ్రో, తెలిసి కూడా చెప్పవేం?" అన్నాడు మంచం మీది మిత్రుడు.

"చెప్పబోతున్నా... ఈలోపే అయిపోయింది."

హోప్ ఫామ్ సిగ్నల్ నుంచి బెళత్తూరు దాకా ఏ పీజీలో, ఏ అపార్ట్‌మెంట్‌లో అడిగినా ఇలాంటి అనుభవం ఒకటి దొరుకుతుంది. పని రాక కాదు, మాట రాకా కాదు. రెండూ వచ్చినా, వాటి మధ్య కావలసిన కాస్త వ్యవధి దొరక్క జరిగే నష్టం ఇది.

ఆగితే అనుమానం

ఈ సమస్య పాతదే అయినా ఇప్పుడు దానికి కొత్త కోర పుట్టింది. ఆన్‌లైన్ ఇంటర్వ్యూల్లో అభ్యర్థులు కృత్రిమ మేధ అందించే జవాబులను తెర మీద చూసి చదివేస్తున్నారన్న గగ్గోలు ఐటీ రంగమంతా ఉంది. కనీసం ఒక రౌండైనా ముఖాముఖి ఇంటర్వ్యూ ఉండేలా చూస్తున్నామని గూగుల్ సీఈఓ సుందర్ పిచాయ్ 2025 జూన్‌లో చెప్పారు. మోసం చేసేవాళ్లు ఉన్నమాట నిజం. కానీ ఆ వలలో నిజాయతీపరులూ పడుతున్నారు. ప్రశ్న విన్నాక రెండు క్షణాలు ఆగి, చూపు పక్కకు తిప్పి, ఆ తర్వాత నోరు విప్పితే చాలు, ఎక్కడో చూసి చదువుతున్నాడని ముద్ర.

మనిషి గట్టిగా ఆలోచించేటప్పుడు చూపు తిప్పుకోవడం సహజం. ఎదుటివారి ముఖం నుంచి కళ్లు మరల్చుకుంటే కష్టమైన సంగతులు బాగా గుర్తొస్తాయని అమెరికా మనస్తత్వవేత్త ఆర్థర్ గ్లెన్‌బర్గ్ బృందం 1998లోనే ప్రయోగాలతో చూపించింది. అంటే, నిజంగా ఆలోచించేవాడి వాలకమే దొంగ వాలకంలా కనిపించే రోజులొచ్చాయన్నమాట. దాంతో ఇంటర్వ్యూలకు సిద్ధమయ్యే పిల్లలు ఒకరికొకరు ఇచ్చుకునే సలహా కూడా మారింది. ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉండు, ఆగావంటే పోయావ్!

దుబాసీ ఉన్న ఊరు

కాడుగోడికి తెలుగు కొత్త కాదు. బెంగళూరు–చెన్నై రైలుమార్గంలో వైట్‌ఫీల్డ్ స్టేషన్ ఇక్కడే ఉంది. ఇదే దారిలో బంగారుపేట దాటి ముందుకెళ్తే మన కుప్పం. మెజెస్టిక్ నుంచి 335ఈ బస్సు పట్టుకుని ట్రాఫిక్‌లో పూట గడిపే రోజులు పోయి, 2023 మార్చి 25న కృష్ణరాజపురం నుంచి ఇక్కడికి మెట్రో వచ్చింది. అదే ఏడాది అక్టోబరులో మధ్యలో మిగిలిన ముక్క కూడా కలిసి నగరంతో నేరుగా ముడిపడింది. పర్పుల్ లైన్ చివరి స్టేషన్ పేరు వైట్‌ఫీల్డ్ (కాడుగోడి). 1990ల్లో ఇంటర్నేషనల్ టెక్ పార్కు మొదలైనప్పటి నుంచి ఈ చుట్టుపక్కలకు వచ్చిన ఉద్యోగుల్లో తెలుగువారి వాటా ఎంతో పీజీల బోర్డులు, మెస్సుల వంటలే చెబుతాయి. ఇక్కడ మనవాడు ఇంటికి తెలుగులో, ఇంటి ఓనరుకు వచ్చీరాని కన్నడంలో, పక్క సీటుతో హిందీలో, క్లయింటుతో ఇంగ్లీషులో మాట్లాడాలి.

ఇదే కాడుగోడిలో సత్యసాయిబాబా ఆశ్రమం బృందావనం ఉంది. 1972లో ఇక్కడ విద్యార్థులకు వేసవి తరగతులు మొదలయ్యాయి. బాబా ప్రసంగాలు తెలుగులో సాగేవి. వినేవాళ్లలో తెలుగు రానివాళ్లు ఎందరో. అందుకని పక్కనే ఓ అనువాదకుడు నిలబడి ఇంగ్లీషులో చెప్పేవారు. ఆయన చెప్పేదాకా వక్త ఆగేవారు. సభ మొత్తం ఆగేది. ఆ ఆగడాన్ని ఎవరూ తప్పు పట్టలేదు, భాష మారాలంటే ఆ మాత్రం సమయం పడుతుందని అందరికీ తెలుసు.

అక్కడికి కాస్త దూరంలోని టెక్ పార్కులో మనవాడికి వక్తా తనే, దుబాసీ తనే. రెండు పనులూ ఒక్క బుర్రలోనే, బయటకు కనబడకుండా, నెత్తిన గడియారం పెట్టుకుని చేయాలి. మన వాక్యం తీరు కూడా తోడవుతుంది. తెలుగులో "శుక్రవారానికల్లా ఈ పని పూర్తిచేసి..." దాకా వచ్చాక కూడా "ఇవ్వగలం", "ఇవ్వలేం" అన్నది చివర్లో తేల్చుకోవచ్చు. ఇంగ్లీషులో రెండో మూడో మాటకే అవునో కాదో తేలిపోవాలి. నోరు తెరవకముందే నిర్ణయం అయిపోవాలి. ఆ నిర్ణయానికి పట్టే క్షణాలనే అవతలివాళ్లు తడబాటు అనుకుంటారు.

వింటూనే సిద్ధమవుతాం

మాటకూ మాటకూ మధ్య మనం ఎంతసేపు ఆగుతాం? నెదర్లాండ్స్‌లోని మాక్స్ ప్లాంక్ సంస్థలో పనిచేసిన టాన్యా స్టివర్స్, ఆమె సహచరులు పది భాషల సంభాషణలను రికార్డు చేసి కొలిచారు. అవును, కాదు అని జవాబు చెప్పే ప్రశ్నలను తీసుకుంటే, సగటు విరామం సెకనులో అయిదో వంతు. 2009లో వెలువడిన ఈ అధ్యయనంలో జపనీయులు అందరికన్నా చురుగ్గా బదులిచ్చారు, డేనిష్ వాళ్లు అందరికన్నా నెమ్మది. అయినా తేడా అర సెకను లోపే. ఆ పదింటిలో భారతీయ భాష ఒక్కటీ లేదు.

ఇందులో ఓ వింత ఉంది. ఒక బొమ్మ చూపించి దాని పేరు చెప్పమంటేనే మెదడుకు సెకనులో సగానికి పైగా పడుతుంది. మరి అయిదో వంతులో జవాబు ఎలా వస్తుంది? ఎదుటివాళ్లు మాట్లాడుతుండగానే మనం బదులు తయారుచేసుకుంటాం కాబట్టి. "భోంచేశావా?" లాంటి వాటికి ఇది చాలు. "ఈ మార్పు చేస్తే పాత సిస్టమ్‌లో ఏమేం దెబ్బతింటాయి?" అన్నదానికి చాలదు. అలాంటి ప్రశ్నకు కూడా టకీమని బదులిచ్చాడంటే, అతనికి జవాబు ముందే తెలిసుండాలి, లేదా ప్రశ్న సగమే విని ఉండాలి. తీరిగ్గా ఆగినవాడు కనీసం ప్రశ్న మొత్తం విన్నాడు.

ఇంకో సంగతి. చిన్న ప్రశ్నలకు అంత చురుగ్గా బదులిచ్చిన జపనీయులే వ్యాపార సమావేశాల్లో అమెరికన్ల కన్నా ఎక్కువసేపు మౌనంగా కూర్చుంటారని భాషావేత్త హారు యమదా పరిశీలన. చురుకుదనం వేరు, తొందర వేరు అన్నమాట.

> ఆగడం... అంకెల్లో
>
> • సాధారణ సంభాషణలో ప్రశ్నకూ జవాబుకూ మధ్య సగటు విరామం: సుమారు 0.2 సెకను.
>
> • బడిలో టీచర్లు ప్రశ్న వేశాక ఆగేది: 1 సెకను అటూ ఇటూ. ఆగితే ఫలితం మారేది: 3 సెకన్లకు.
>
> • అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం సిఫార్సు ప్రకారం మాట ఒకవైపు చేరడానికి పట్టే సమయం 0.15 సెకను దాటకపోతే మంచిది. 0.4 దాటకూడదు.
>
> • ఈఏపీసెట్ ఇంజినీరింగ్ పరీక్ష: 180 నిమిషాలు, 160 ప్రశ్నలు. ఒక్కో ప్రశ్నకు 67 సెకన్ల పైమాటే.

తీగది తప్పు, తిట్లు మనిషికి

ఎదురుగా కూర్చుని మాట్లాడుకుంటే ఈ బాధ కొంత తక్కువ. పెదవి కదిలినా, ఊపిరి తీసినా, పెన్ను పట్టుకున్నా "చెప్పబోతున్నాడు" అని తెలుస్తుంది. వీడియో కాల్‌లో కెమెరా ఆఫ్, మైకు మ్యూట్. మిగిలేది పేరులోని రెండక్షరాలున్న ఓ గుండ్రం. ఆ గుండ్రం ఆలోచిస్తోందో నిద్రపోతోందో ఎవరికి తెలుసు?

దానికి తోడు దూరం. గాజు తీగలో వెలుగు సెకనుకు దాదాపు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. బెంగళూరు నుంచి కాలిఫోర్నియా 14 వేల కిలోమీటర్ల చిల్లర. తీగను తిన్నగా లాగినా మాట చేరడానికి సెకనులో పద్నాలుగో వంతు కావాలి. అసలు తీగలు సముద్రాల అడుగున చుట్టూ తిరిగి పోతాయి. మధ్యలో శబ్దాన్ని ముక్కలు చేసి, మళ్లీ అతికించే సాఫ్ట్‌వేర్ మరికొంత తింటుంది. ఇటు నుంచి బదులు వెళ్లేదాకా మరోసారి ఇదే తంతు. మాటల మధ్య సహజంగా ఉండే విరామానికి ఇది ఒకటికి రెండింతలు అదనం. "మీరు చెప్పండి", "లేదు లేదు, మీరు చెప్పండి" అంటూ ఢీకొట్టుకోవడం ఇందుకే.

తీగ ఆలస్యాన్ని మనం తీగకు కట్టం. బెర్లిన్ పరిశోధకులు ఫోను సంభాషణల్లో కావాలని ఆలస్యం చొప్పించి చూశారు. మాట్లాడినవాళ్లు లైను బాగోలేదనడానికి బదులు, అవతలి మనిషి శ్రద్ధగా లేడని మార్కులు తగ్గించారు. 2014లో వచ్చిందీ అధ్యయనం. కాడుగోడిలో కూర్చుని అమెరికాతో మాట్లాడే మనవాడి ఆలోచన వ్యవధికి ఈ తీగ వ్యవధి కూడా కలిసి, మొత్తం అతని ఖాతాలోనే పడుతుంది.

బడిలో పడిన బీజం

ఆగితే తప్పన్న భయం ఆఫీసులో పుట్టలేదు. "చెప్పు... చెప్పు... రాదా? కూర్చో. నువ్వు చెప్పు" అన్న గొంతు మనందరికీ గుర్తుంటుంది. అమెరికాలో మేరీ బడ్ రో అనే విద్యావేత్త తరగతి గదుల్లో టేపు రికార్డర్లు పెట్టి ఏళ్ల తరబడి కొలిచారు. టీచర్లు ప్రశ్న అడిగాక ఆగేది ఒక్క సెకనే అని 1970ల్లో ఆమె తేల్చారు. ఆ వ్యవధిని 3 సెకన్లకు పెంచితే పిల్లల జవాబులు పొడవయ్యాయి. "తెలీదు" అనేవాళ్లు తగ్గారు. ఎప్పుడూ నోరు విప్పని పిల్లలు కూడా మాట్లాడారు. ఆమె గమనించిన మరో విషయం మనసును మెలిపెడుతుంది. చురుకైనవాళ్లని పేరున్న పిల్లల దగ్గర టీచర్లు ఎక్కువసేపు ఆగుతున్నారు. వెనకబడినవాళ్లనుకున్న పిల్లలకు మాత్రం తక్కువ సమయం ఇస్తున్నారు. కావలసినవాడికి ఇవ్వకుండా అక్కర్లేనివాడికి ఇచ్చినట్టు.

మన పిల్లల సంగతికొస్తే, రెండేళ్లు ఇంటర్ కాలేజీ హాస్టల్లో ఉంచి, ఠక్కున బిట్టు పెట్టడం నేర్పి పంపిస్తాం. ఆ ఎంట్రన్స్ పరీక్షలోనే ప్రశ్నకు నిమిషం పైన ఇచ్చారు. పైగా నాలుగు జవాబులు కళ్లముందు పెట్టారు. ఆఫీసులో ఆప్షన్లు లేవు, నిమిషమూ లేదు.

మౌనం ధర మనిషిని బట్టి

మౌనం అర్ధాంగీకారం అన్నారు పెద్దలు. మీటింగుల్లో అది పూర్తి అంగీకారం. "ఎవరికైనా అభ్యంతరమా?" అని అడిగి, ఊపిరి పీల్చుకునేంత కూడా ఆగకుండా "సరే, ముందుకెళ్దాం" అంటే, ఆ నిర్ణయానికి పదిమంది ఒప్పుకున్నట్టు మినిట్స్‌లో పడిపోతుంది. గడువు తప్పాక "అప్పుడే ఎందుకు చెప్పలేదు?" అన్న ప్రశ్న మళ్లీ జూనియరుకే. రాత్రుళ్లు, శనివారాలు పోయేది అతనివే. అప్రైజల్లో "కమ్యూనికేషన్ మెరుగుపడాలి" అన్న వాక్యం అతనికే.

ఆడపిల్లల దగ్గర ఇది ఇంకో రూపం. ఆగితే మధ్యలో ఎవరో ఒకరు అందుకుంటారు. ఆమె అనబోయిన మాటే పక్క సీటాయన అంటే "మంచి పాయింట్" అవుతుంది. ఆగకుండా గట్టిగా చెబితే "కాస్త దూకుడు" అంటారు.

అదే మౌనం పెద్ద కుర్చీలో ఉంటే అర్థం మారిపోతుంది. 1991 నుంచి 1996 దాకా ప్రధానిగా ఉన్న మన పి.వి.నరసింహారావు మౌనాన్నే తీసుకోండి. విమర్శించినవాళ్లు తాత్సారం అన్నారు, మెచ్చినవాళ్లు అపర చాణక్యం అన్నారు. ఇద్దరిలో ఎవరూ ఆయనకు విషయం తెలియదని మాత్రం అనలేదు. డైరెక్టరు ఆగితే "లోతుగా ఆలోచిస్తున్నారు". ఫ్రెషరు ఆగితే "నీళ్లు నములుతున్నాడు".

కాల్ సెంటర్లలో మౌనానికి ఏకంగా పేరే ఉంది, డెడ్ ఎయిర్. కాల్ నాణ్యత చూసేవాళ్లు దాన్ని తప్పుల జాబితాలో వేస్తారు. ఇప్పుడు గొంతుతో పనిచేసే యంత్రాలొచ్చాయి. వీటిలో చాలావాటికి అర సెకను నిశ్శబ్దం వినిపిస్తే చాలు, మనిషి మాట ముగిసిందనుకుని అందుకుంటాయి. కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి, ఖాతా నంబరు కాగితంలో చూసి నాలుగేసి అంకెలు చదివే పెద్దాయనకు ఇది నరకమే. మొదటి నాలుగు అంకెలకే "క్షమించండి, సరైన నంబరు చెప్పండి" అంటుంది యంత్రం. నిశ్శబ్దాన్ని మాత్రమే కొలవకుండా, వాక్యం పూర్తయిందా లేదా చూసి ఆగేలా యంత్రాలకు నేర్పడానికి ఇంజినీర్లు ఇప్పుడు తంటాలు పడుతున్నారు. ఆ ఇంజినీర్లే తమ స్టాండప్ మీటింగుల్లో ఒకరి మాటకు ఒకరు అడ్డం పడుతుంటారన్నది వేరే సంగతి.

ఆగడమే పద్ధతిగా

ఆగడాన్ని మనుషుల మంచితనానికి వదిలేయకుండా పనిలో భాగం చేసినచోట్ల ఫలితాలు కనిపించాయి. ఆపరేషన్ థియేటర్‌ను మించి తొందర ఉండే చోటేముంది? అక్కడే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో ఓ పద్ధతి తెచ్చింది. కోత పెట్టే ముందు అందరూ చేతులాపాలి. ఎవరు ఎవరో పేరు, పని చెప్పుకోవాలి. రోగి ఎవరు, ఆపరేషన్ ఏది, ఎక్కడ అన్నది పైకి చెప్పాలి. సర్జన్ ముందు నోరు మెదపని నర్సుకూ అక్కడ మాట్లాడే వంతు వస్తుంది. ఢిల్లీ సహా ఎనిమిది నగరాల ఆసుపత్రుల్లో ఈ పద్ధతిని పరీక్షిస్తే మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి, పెద్ద చిక్కులు 11 నుంచి 7 శాతానికి తగ్గాయని 2009లో వెల్లడైంది. దీనికి పట్టే సమయం నిమిషాల్లోనే.

ఆఫీసుల్లో అమెజాన్ ఉదాహరణ అందరికీ తెలిసిందే. 2004లో జెఫ్ బెజోస్ ఉన్నతస్థాయి సమావేశాల్లో పవర్‌పాయింట్ ఆపేయించారు. దాని బదులు ఆరు పేజీలకు మించని నోటు రాసుకొస్తారు. మీటింగు మొదట్లో అందరూ కూర్చుని మౌనంగా అది చదువుతారు, చర్చ ఆ తర్వాతే. గబగబా మాట్లాడేవాడికీ, రాసి చెప్పగలిగేవాడికీ అక్కడ ఎత్తు సమానం.

బేరాల్లోనూ అంతే. ఎంఐటీ ఆచార్యుడు జారెడ్ కర్హాన్ బృందం చర్చల రికార్డింగులు పరిశీలించి, 3 సెకన్లు, ఆపైన సాగిన మౌనాల తర్వాత రెండు పక్షాలకూ లాభించే దారులు ఎక్కువగా దొరికాయని చెప్పింది. జీతం మాట్లాడుకునేటప్పుడు హెచ్ఆర్ అంకె చెప్పగానే "సరే మేడమ్" అనేసేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి.

అన్ని మౌనాలూ మంచివి కావు

అలాగని మాట్లాడనివాళ్లందరూ ఆలోచిస్తున్నారనుకోవడమూ పొరపాటే. మెయిలుకు వారం దాకా బదులివ్వకుండా కిందివాళ్లను గాల్లో వేలాడదీసే బాసు మౌనం అధికార దర్పం. సర్వరు పడిపోయి కస్టమర్లు అల్లాడుతుంటే, తన తప్పు బయటపడుతుందని నోరు కుట్టుకునేవాడి మౌనం నేరం. నిదానమే ప్రధానం అన్న నోళ్లే ఆలస్యం అమృతం విషం అనీ చెప్పాయి. ఏది ఎప్పుడో తెలియాలి. గుర్తు ఒక్కటే. ఆలోచించేవాడి మౌనానికి చివర జవాబు ఉంటుంది. తప్పించుకునేవాడి మౌనానికి ఉండదు.

కాబట్టి ఆగేవాడికీ ఓ బాధ్యత ఉంది. తను ఆగుతున్నట్టు చెప్పాలి. డెడ్ ఎయిర్ భయంతోనే అయినా కాల్ సెంటర్ పిల్లలు ఈ విద్యలో ఆరితేరారు. "మీ వివరాలు చూస్తున్నాను, ఒక్క నిమిషం లైన్లో ఉండండి" అంటే కోపంగా ఉన్న కస్టమర్ కూడా ఆగుతాడు. చెప్పకుండా ఆగితే అవతలివాడు ఆ ఖాళీని తనకు తోచిన అర్థంతో నింపుకుంటాడు.

> రేపటి నుంచి పనికొచ్చేవి
>
> జవాబు చెప్పాల్సినవారు
>
> • ముందు మైకు తెరవండి, తర్వాత ఆలోచించండి. "ఒక్క క్షణం, లెక్క చూసి చెబుతాను" అన్న మాట మీ వంతును కాపాడుతుంది.
>
> • తెలిసినంత చెప్పి, తేలనిది ఎప్పుడు చెబుతారో చెప్పండి: "డేటా వస్తే రెండు రోజులు. రాకపోతే ఎంతో సాయంత్రానికి రాసి పంపుతాను."
>
> • "అంటే...", "అదే..." లాంటివి ఒకటీ అరా పడితే తప్పులేదు. ఇంకా ఉందని వినేవాళ్లకు తెలుస్తుంది.
>
> అడిగేవారు
>
> • కఠినమైన ప్రశ్నలను ముందురోజే రాసి పంపండి.
>
> • ప్రశ్న అడిగాక మూడు అంకెలు మనసులో లెక్కపెట్టండి. విదేశీ కాల్ అయితే ఐదు.
>
> • అదే ప్రశ్నను వెంటనే ఇంకో రకంగా తిప్పి అడగకండి. ఆలోచన మళ్లీ మొదటికొస్తుంది.
>
> • నిర్ణయం రాసేముందు మాట్లాడనివాళ్లను పేరుపెట్టి అడగండి. అందరికన్నా చిన్నవాళ్లతో మొదలుపెట్టండి.
>
> • ఇంటర్వ్యూ చేస్తుంటే మొదట్లోనే చెప్పండి: "ఆలోచించుకుని చెప్పండి, తొందరేం లేదు."

అడిగినవారే ఆగాలి

సాఫ్ట్ స్కిల్స్ క్లాసులన్నీ ఇప్పటిదాకా జూనియర్లకే. తడబడకుండా మాట్లాడండి, ఆత్మవిశ్వాసం చూపించండి, చురుగ్గా ఉండండి. నలుగురు లీడ్లను కూర్చోబెట్టి ప్రశ్న అడిగాక నోరు మూసుకోవడం నేర్పే క్లాసు మాత్రం అరుదు. మాట ఎవరికి ఎప్పుడు దక్కాలో తేల్చే అధికారం ఎవరి చేతిలో ఉందో, ఆగాల్సిన బాధ్యతా వాళ్లదే. కుర్రాడు తన వంతుగా "ఒక్క క్షణం" అనడం నేర్చుకుంటాడు. ఆ క్షణం ఇవ్వాల్సింది అడిగినవాళ్లే.

టీము లీడ్లకూ మేనేజర్లకూ ఒక్కటే మనవి. ఈ వారం జరిగే మీటింగుల్లో ఏదో ఒకదాంట్లో ప్రశ్న అడిగి, మూడు సెకన్లు ఆగి చూడండి. ఎప్పుడూ మాట్లాడని మనిషి మాట్లాడితే, ఇన్నాళ్లూ లోపం అతని కమ్యూనికేషన్‌లో లేదని ఒప్పుకుని, అప్రైజల్ ఫారంలో రాసిన ఆ వాక్యం కొట్టేయండి.